పేరు ఎక్కడిదాకా చెల్లుతుంది? ఒక పైథాన్ ఎర్రర్ వెనక అరవై ఏళ్ల చరిత్ర



పోస్టు కొంచెం పొడుగే. ల్యాబ్ పరీక్షలు దగ్గర పడ్డాయి కాబట్టి తీరిక చేసుకొని చదవండి.

డిగ్రీలో గానీ, పాలిటెక్నిక్‌లో గానీ, బీటెక్‌లో గానీ కంప్యూటర్స్ తీసుకున్న మన పిల్లల్లో చాలామందికి మొదట తగిలే భాష పైథాన్. ఇఫ్ వస్తుంది, ఫర్ లూప్ వస్తుంది, పర్వాలేదు అనిపిస్తుంది. ఫంక్షన్ల దగ్గరకు వచ్చేసరికి ఒక ఎర్ర లైను పడుతుంది. రాసింది రాసినట్టే ఉంది, పేరు తప్పు లేదు, స్పేసులు తప్పు లేవు, అయినా ఆడదు. అప్పుడు చాలామంది "ఇది మనకొచ్చే చదువు కాదులే" అనుకుంటారు. మన ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మనమే మొదలు. రాత్రి ఇంటికి ఫోన్ చేసి "ఇది ఎందుకు ఆడటం లేదు" అని అడిగే వీలు ఉండదు. పక్క బెంచీ పిల్లవాడికి ఇంట్లో సాఫ్ట్‌వేర్ అన్న ఉంటాడు. మనకు ఈ గ్రూపే అన్న.

అందుకని మా హాస్టల్‌లో కంప్యూటర్స్ చదివే నలుగురం కూర్చొని ఈ ఎర్రర్ ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి తవ్వుకుంటూ పోయాం. తవ్వితే 1950ల దాకా పోయింది. మాకు తేలింది ఇది: ఆ ఎర్ర లైను మన తెలివి మీద తీర్పు కాదు. "ఒక పేరు ఎక్కడిదాకా చెల్లుతుంది" అనే ప్రశ్నకు పెద్ద పెద్దవాళ్లు తడబడుతూ, దిద్దుకుంటూ చెప్పిన జవాబుల్లో పైథాన్ ఎంచుకున్న ఒక జవాబు. ఆ జవాబు ఎట్లా పుట్టిందో తెలిస్తే ఎర్రర్ దానంతట అదే అర్థమైపోతుంది.

మొదట ఎర్రర్ చూద్దాం

హాస్టల్ మెస్‌కి ఎంతమంది వచ్చారో లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాం అనుకోండి. డెఫ్, ప్రింట్ లాంటి మాటలు మెషీన్ మీద ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో రాస్తున్నాం.

లెక్క = 0

డెఫ్ ఒకరు_వచ్చారు():
    ప్రింట్(లెక్క)
    లెక్క = లెక్క + 1

ఒకరు_వచ్చారు()

నడిపితే "అన్‌బౌండ్ లోకల్ ఎర్రర్" అని వస్తుంది. అసలు వింత ఇక్కడుంది. ఫంక్షన్‌లో చివరి లైను, అంటే ఒకటి కలిపే లైను, తీసేసి నడపండి. ప్రింట్ బుద్ధిగా 0 అని చూపిస్తుంది. మళ్లీ ఆ లైను పెట్టండి. ఇప్పుడు దానికంటే పైన ఉన్న ప్రింట్ దగ్గరే ఆగిపోతుంది. కింద రాసిన మాటకి పైనున్న మాట ఎందుకు చెడింది? ఇందాక కనబడిన లెక్క ఇప్పుడు ఎందుకు కనబడలేదు?

ఈ ప్రశ్నని పట్టుకునే వెనక్కి పోదాం.

పేర్లు లేని రోజులు

మొదటి తరం కంప్యూటర్లలో పేర్లే లేవు. మెమరీ అంటే వరసగా గదులు, ప్రతి గదికి ఒక నంబరు. ఫలానా నంబరు గదిలో ఉన్నది తీసి ఫలానా నంబరు గదిలో ఉన్నదానికి కలుపు, అని రాయాలి. ఏ గదిలో ఏం పెట్టామో మనిషే గుర్తుపెట్టుకోవాలి. నంబర్లకు బదులు పేర్లు పెట్టుకునే పద్ధతి మెల్లగా వచ్చింది.

ఐబీఎం కంపెనీలో జాన్ బ్యాకస్ అనే ఆయన బృందం 1957లో ఫోర్ట్రాన్ అనే భాష తెచ్చింది. లెక్కల సూత్రం ఎట్లా రాస్తామో దాదాపు అట్లాగే రాయొచ్చు. కానీ ఆ మొదటి ఫోర్ట్రాన్‌లో మనం సొంతంగా విడి సబ్‌రొటీన్లు రాసుకునే వీలు లేదు. ఆ వీలు 1958లో రెండో ఫోర్ట్రాన్‌తో వచ్చింది. దాంతోనే మన ప్రశ్న కూడా పుట్టింది. ప్రోగ్రాం ఒకే ముక్కగా ఉన్నంతకాలం ఒక పేరు అంటే ఒకటే గది. ముక్కలు అయ్యాక, ఈ ముక్కలో ఎక్స్, ఆ ముక్కలో ఎక్స్ ఒకటేనా, వేరువేరా?

ఫోర్ట్రాన్ వాళ్లు వేరువేరు అన్నారు. మా గూడెంలో లచ్చన్న ఒకరు, వాగు అవతల గూడెంలో లచ్చన్న ఇంకొకరు. ఒకరు పొలం అమ్మితే ఇంకొకరి పొలం పోదు. అట్లాగే ఏ సబ్‌రొటీన్ పేర్లు దానివే. మరి ఇద్దరూ ఒకే గది వాడుకోవాలంటే? దానికి కామన్ అనే మాట పెట్టారు. కామన్ అని రాస్తే మెమరీలో ఒక ఉమ్మడి జాగా వస్తుంది. అయితే అది పేరును బట్టి కలిపేది కాదు, వరస క్రమాన్ని బట్టి కలిపేది. ఒక ముక్కలో ఆ గదిని ఒక పేరుతో, ఇంకో ముక్కలో వేరే పేరుతో పిలవొచ్చు. వరస తప్పితే ఒకరి గదిలో ఇంకొకరి సామాను పడుతుంది. ఉమ్మడి పేర్లతో జాగ్రత్తగా ఉండమని మన లెక్చరర్లు ఇప్పటికీ చెప్పేది ఇందుకే.

పొలిమేర గీసినవాళ్లు

1960 జనవరిలో యూరప్ నుంచి, అమెరికా నుంచి పదముగ్గురు పారిస్‌లో కూర్చొని ఆల్గాల్ 60 అనే భాషకు రూపం ఇచ్చారు. ఆ నివేదికకు ఎడిటర్ డెన్మార్క్ దేశస్థుడు పీటర్ నౌర్. ఈ భాష మార్కెట్‌లో పెద్దగా నిలబడలేదు గానీ, ఆ తర్వాత వచ్చిన భాషల్లో చాలావాటికి తాత వరస అయింది.

వాళ్లు చేసిన పెద్ద పని బ్లాక్. బిగిన్ అని మొదలుపెట్టి ఎండ్ అని ముగిస్తే ఆ మధ్య ఉన్నది ఒక బ్లాక్. బ్లాక్ లోపల ప్రకటించిన పేరు ఆ బ్లాక్‌లోనే చెల్లుతుంది. బ్లాక్ లోపల ఇంకో బ్లాక్ పెట్టొచ్చు. లోపలివాళ్లకు బయటి పేర్లు కనబడతాయి. బయటివాళ్లకు లోపలి పేర్లు కనబడవు. లోపల అదే పేరుతో కొత్తది ప్రకటిస్తే, లోపల ఉన్నంతసేపు కొత్తదే చెల్లుతుంది, బయటిది చాటున ఉంటుంది.

పేరు చెల్లే ఈ మేరనే ఇంగ్లీషులో స్కోప్ అంటారు. తెలుగు పుస్తకాల్లో పరిధి అని రాస్తారు. మాకైతే పొలిమేర అన్న మాటే బాగుంది. పొలిమేర అంటే ఏంటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఆల్గాల్‌లో ప్రతి వేరియబుల్‌నీ ముందుగా ప్రకటించాలి. "ఇది నాది, ఇక్కడ పుట్టింది" అని రాయాలి. కాబట్టి ఏ పేరు ఎవరిదో మెషీన్‌కి ఎప్పుడూ సందేహం ఉండదు.

కనిపెట్టినాయనకే తగిలిన దెబ్బ

అదే రోజుల్లో అమెరికాలో ఎంఐటీలో జాన్ మెకార్తీ లిస్ప్ అనే భాష తయారు చేస్తున్నాడు. పని 1958లో మొదలైంది, ఆయన పేపర్ 1960లో అచ్చయింది. ఆయన కాగితం మీద రాసుకున్న ఎవాల్ అనే ఫంక్షన్‌ని స్టీవ్ రస్సెల్ అనే ఆయన ఐబీఎం 704 మీద నడిచేట్టు రాశాడు. దాంతో లిస్ప్ ప్రాణం పోసుకుంది.

కొన్నాళ్లకు జేమ్స్ స్లేగల్ అనే ఆయన లిస్ప్‌లో ఒక ప్రోగ్రాం రాశాడు. అందులో ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ని చేతికి తీసుకొని వాడుతుంది. చూస్తే అంతా సరిగ్గానే ఉంది, జవాబు మాత్రం తప్పు వచ్చింది. ఎందుకంటే చేతికిచ్చిన ఫంక్షన్ వెతికిన పేరు, దాన్ని రాసిన చోటిది దొరకలేదు. పిలిచిన చోట అదే పేరుతో ఉన్న ఇంకోటి దొరికింది. మెకార్తీ ఇది ఏదో చిన్న బగ్ అనుకున్నాడు, రస్సెల్ తొందర్లోనే సరిచేస్తాడులే అనుకున్నాడు. రస్సెల్ ఫనార్గ్ అనే ఉపాయంతో సరిచేశాడు కూడా. కానీ తర్వాత చూస్తే అది చిన్న బగ్ కాదు, పెద్ద ప్రశ్న అని తేలింది. ఈ సంగతి మెకార్తీయే 1978లో ప్రోగ్రామింగ్ భాషల చరిత్ర మీద జరిగిన సదస్సులో దాపరికం లేకుండా చెప్పాడు. భాషను కనిపెట్టినాయనే, తను కోరుకున్న పద్ధతి ఒకటి, మెషీన్‌లో కుదిరిన పద్ధతి ఇంకొకటి అని ఒప్పుకున్నాడు.

ఆ ప్రశ్న ఇది: ఫంక్షన్‌లో ఒక పేరు ఉంది, అది ఆ ఫంక్షన్‌లో పుట్టింది కాదు. దాని అర్థం ఎక్కడ వెతకాలి? ఫంక్షన్ రాసిన చోటా, పిలిచిన చోటా? రాసిన చోట వెతికితే లెక్సికల్ స్కోప్. పిలిచిన చోట వెతికితే డైనమిక్ స్కోప్.

ఈ తేడా మనకు వేరే దారిలో ఎప్పటినుంచో తెలుసు. 1/70 చట్టం వినని ఏజెన్సీ పిల్లలు ఉండరు. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ని 1970లో సవరిస్తే వచ్చింది అది. భూమి ఏజెన్సీలో ఉంటే, కాగితం హైదరాబాద్‌లో రాసుకున్నా, విశాఖపట్నంలో రాసుకున్నా, ఆ భూమికి ఏజెన్సీ చట్టమే వర్తిస్తుంది. భూమి ఎక్కడుందో చూస్తారు గానీ, సంతకం ఎక్కడ పెట్టారో చూడరు. లెక్సికల్ స్కోప్ అచ్చంగా ఇదే. సంతకం పెట్టిన ఊరి చట్టం వర్తిస్తుంది అంటే ఏమయ్యేదో మన తాతలను అడిగితే చెప్తారు. డైనమిక్ స్కోప్‌తో పెద్ద ప్రోగ్రాం రాసినవాళ్ల బాధ కూడా అదే. ఎవరు ఎక్కడి నుంచి పిలుస్తారో తెలియదు కాబట్టి తను రాసిన ఫంక్షన్ ఏం చేస్తుందో తనకే భరోసా ఉండదు.

1975లో అదే ఎంఐటీలో జెరాల్డ్ సస్మన్, గై స్టీల్ కలిసి స్కీమ్ అనే లిస్ప్ రకాన్ని తెచ్చారు. అందులో పూర్తిగా లెక్సికల్ పద్ధతి పెట్టారు. 1984లో వచ్చిన కామన్ లిస్ప్ కూడా లెక్సికల్ వైపే నిలబడింది. ఈమ్యాక్స్ అనే ఎడిటర్ లోపల ఉండే లిస్ప్‌కైతే ఆ వీలు 2012లో గానీ రాలేదు. అంటే 1960 దగ్గర మొదలైన తగాదా యాభై ఏళ్లు నడిచింది. ల్యాబ్‌లో మూడు గంటల్లో మనకు తేలలేదంటే తప్పేముంది?

ఆమ్‌స్టర్‌డామ్‌లో క్రిస్మస్ సెలవులు

ఇక పైథాన్ సంగతి. నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో సీడబ్ల్యూఐ అనే పరిశోధన సంస్థ ఉంది. అక్కడ ఏబీసీ అనే భాష తయారైంది. కంప్యూటర్ నిపుణులు కానివాళ్లు కూడా తేలిగ్గా నేర్చుకోవాలని దాని ఉద్దేశం. ఆ బృందంలో పనిచేసినవాడు గైడో వాన్ రోసమ్. 1989 డిసెంబరులో క్రిస్మస్ సెలవుల్లో ఆయన సొంతంగా ఇంకో భాష మొదలుపెట్టాడు. అదే పైథాన్. 1991 ఫిబ్రవరిలో 0.9.0 అనే వెర్షన్ బయటికి వదిలాడు.

ఏబీసీ నుంచి పైథాన్‌కి చాలా గుణాలు వచ్చాయి. లోపలికి జరిపి రాయడం ఒకటి. వేరియబుల్‌ని ముందుగా ప్రకటించక్కర్లేకపోవడం ఇంకొకటి. లెక్క = 0 అని రాస్తే చాలు, పేరు పుట్టేస్తుంది. కొత్తవాళ్లకు ఇది హాయి.

కానీ ఆల్గాల్ దగ్గర గుర్తుపెట్టుకోమన్న సంగతి ఇక్కడ అడ్డం తిరుగుతుంది. ప్రకటన లేనప్పుడు, ఫంక్షన్ లోపల లెక్క = లెక్క + 1 అని కనబడితే అది బయట ఉన్న లెక్కనా, లోపల కొత్తగా పుట్టిన లెక్కనా? ఎవరో ఒకరు తేల్చాలి. పైథాన్ పెట్టుకున్న సూత్రం ఇది:

ఫంక్షన్‌లో ఎక్కడైనా ఒక పేరుకి విలువ కట్టారంటే, ఆ ఫంక్షన్ మొత్తానికీ ఆ పేరు లోపలిదే.

"మొత్తానికీ" అన్న మాట దగ్గర ఆగండి. ఎర్రర్ అంతా అందులోనే ఉంది. పైథాన్ ఫంక్షన్‌ని లైను తర్వాత లైను చూసుకుంటూ నిర్ణయం తీసుకోదు. నడపకముందే ఫంక్షన్ ఒళ్లంతా ఒకసారి చదువుతుంది, ఏ పేర్లకు విలువ కడుతున్నారో జాబితా రాసుకుంటుంది. ఆ జాబితాలో ఉన్నవన్నీ లోపలివి. ఇప్పుడు వాడే పైథాన్‌లో ఆ లోపలి పేర్లకు వరస నంబర్లతో గదులు కూడా కేటాయిస్తుంది, వేగం కోసం. నంబరు గదులతో మొదలైన కథ మళ్లీ అక్కడికే వచ్చింది చూడండి, కాకపోతే ఈసారి గుర్తుపెట్టుకునే పని మనిషిది కాదు.

మన మెస్ ప్రోగ్రాంకి రండి. చివరి లైనులో లెక్కకి విలువ కట్టాం. కాబట్టి ఫంక్షన్ మొత్తానికీ లెక్క లోపలిది అయిపోయింది. దానికి ఒక ఖాళీ గది ఇచ్చారు. ప్రింట్ లైను వచ్చేసరికి ఆ గదిలో ఇంకా ఏమీ పెట్టలేదు. బయట ఉన్న 0 వైపు పైథాన్ చూడనే చూడదు, ఎందుకంటే ఈ పేరు బయటిది కాదని ముందే రాసుకుంది. ఖాళీ గది తలుపు తీస్తే ఎర్రర్. చివరి లైను తీసేస్తే జాబితాలో లెక్క ఉండదు, అప్పుడు బయటిది చూస్తుంది, 0 చూపిస్తుంది. కింద రాసినదానికి పైనున్నది చెడటం వెనక కారణం ఇంతే.

మరి బయటి లెక్కనే మార్చాలంటే? ఏబీసీలో షేర్ అనే మాట ఉండేది. పైథాన్‌లో దాని బదులు గ్లోబల్ ఉంది. ఫంక్షన్ మొదట్లో గ్లోబల్ లెక్క అని రాస్తే ఆ పేరు లోపలి జాబితాలోంచి తీసేసి బయటిదానికి కడుతుంది.

పైథాన్ కూడా దిద్దుకుంటూ వచ్చింది

పైథాన్ పుట్టినప్పుడు మూడే అంచెలు. ఫంక్షన్ లోపల, ఫైలు మొత్తం, పైథాన్ పుట్టుకతో ఇచ్చినవి. ఫంక్షన్ లోపల ఇంకో ఫంక్షన్ రాస్తే, లోపలిదానికి బయటి ఫంక్షన్‌లోని పేర్లు కనబడేవే కావు. ఆల్గాల్‌లో 1960లోనే ఉన్న సదుపాయం ఇది. పైథాన్ రాసేవాళ్లు లోపలి ఫంక్షన్ పారామీటర్‌కి ముందే విలువ కట్టి దొంగదారిలో లోపలికి పంపించేవాళ్లు.

2001లో పైథాన్ 2.1 వచ్చినప్పుడు ఇది మారింది. జెరెమీ హిల్టన్ రాసిన 227 నంబరు ప్రతిపాదన దీనికి మూలం. మార్పు పెద్దది, పాత ప్రోగ్రాంలు చెడతాయేమో అని భయం. అందుకని ముందు కావాలనుకున్నవాళ్లే తెచ్చుకునేట్టు ఫ్యూచర్ అనే మాడ్యూల్ పెట్టారు. ఆ మాడ్యూల్ ద్వారా వచ్చిన మొట్టమొదటి సదుపాయమే ఇది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన 2.2 నుంచి అందరికీ మామూలైంది.

అయినా సగమే తీరింది. లోపలి ఫంక్షన్ బయటి ఫంక్షన్ పేరుని చూడగలదు, మార్చలేదు. విలువ కట్టగానే మళ్లీ మన సూత్రం ప్రకారం అది లోపలిదైపోతుంది. గ్లోబల్ అంటే నేరుగా ఫైలు మొత్తం అంచెకి పోతుంది, మధ్యలో ఉన్న ఫంక్షన్‌లో ఆగదు. ఈ మధ్య అంచె కోసం కా పింగ్ యీ అనే ఆయన 3104 నంబరు ప్రతిపాదన రాశాడు. ఏ మాట పెట్టాలా అని చాలా మాటలు పరిశీలించి చివరికి నాన్‌లోకల్ అని తేల్చారు. అది 2008 డిసెంబరులో పైథాన్ 3.0తో వచ్చింది. మొదటి వెర్షన్ నుంచి లెక్కేస్తే పదిహేడేళ్ల పైమాట.

ఎర్రర్ మాటలు కూడా మారాయి. చాలా ఏళ్లపాటు "లోకల్ వేరియబుల్ రిఫరెన్స్‌డ్ బిఫోర్ అసైన్‌మెంట్" అని వచ్చేది. తెలుగు మీడియంలో పది దాకా చదివినవాళ్లకు ఇది మంత్రం లాగే ఉంటుంది. 2022లో వచ్చిన 3.11 నుంచి ఆ మాటలు మార్చారు. ఇప్పుడు, ఈ లోకల్ వేరియబుల్‌కి ఇంకా ఏ విలువా కట్టలేదు కాబట్టి అందుకోలేకపోతున్నాను అనే అర్థంలో వస్తుంది. ల్యాబ్‌లో పాత వెర్షన్ ఉంటే పాత మాటలే కనబడతాయి. రెండూ ఒకటే ఎర్రర్.

వేరే జవాబు చెప్పినవాళ్లు

పైథాన్ సూత్రమే దేవుడిచ్చిందా అంటే కాదు. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ మొదటి రూపం రాశాడు. అందులో ప్రకటించకుండా ఫంక్షన్ లోపల ఒక పేరుకి విలువ కడితే అది ఊరంతటికీ చెందిన పేరు అయిపోయేది. పైథాన్‌కి సరిగ్గా ఎదురు. ఎర్రర్ రాదు, హాయిగా నడుస్తుంది. కానీ ఎక్కడో ఇంకో ఫంక్షన్ అదే పేరు వాడుకుంటూ ఉంటే దాని విలువ చెప్పాపెట్టకుండా మారిపోతుంది. తర్వాత 2009లో దీన్ని ఎర్రర్‌గా చూపించే స్ట్రిక్ట్ మోడ్, 2015లో బ్లాక్‌కే పరిమితమయ్యే లెట్ వచ్చాయి.

ఇది చూశాక మాకు పైథాన్ ఎర్ర లైను మీద కోపం పోయింది. ఎర్రర్ చూపించి ఆపేది ఒక భాష, చూపించకుండా లెక్క చెడగొట్టేది ఇంకో భాష. పది మంది కలిసి రాసే పెద్ద ప్రోగ్రాంలో ఏది మేలో మీరే చెప్పండి.

ల్యాబ్‌లో పనికొచ్చేవి

చరిత్ర నుంచి చేతికొచ్చిన నాలుగు మాటలు రాస్తున్నాం.

ఒకటి. పేరు కనబడగానే పైథాన్ వెతికే వరస గుర్తుంచుకోండి. ముందు తన ఇల్లు, అంటే ఆ ఫంక్షన్. తర్వాత తనను చుట్టుకొని ఉన్న ఫంక్షన్లు, అంటే పెద్దిల్లు. తర్వాత ఊరు, అంటే ఆ ఫైలు. చివరగా పైథాన్ పుట్టుకతో ఇచ్చినవి. ఎక్కడా లేకపోతే నేమ్ ఎర్రర్. మన అన్‌బౌండ్ లోకల్ ఎర్రర్ దాని పిల్ల రకమే. తేడా ఏంటంటే నేమ్ ఎర్రర్‌లో మనిషే దొరకలేదు, ఇందులో ఇల్లు దొరికింది గానీ ఇంట్లో ఇంకా ఏమీ లేదు.

రెండు. సీ భాష కూడా చదువుతున్నవాళ్లు కలగాపులగం చేసుకోకండి. సీలో ప్రతి మీసాల బ్రాకెట్ జత ఒక పొలిమేర, ఆల్గాల్ తాత పోలిక. పైథాన్‌లో ఇఫ్‌కి, ఫర్‌కి పొలిమేర లేదు. ఇఫ్ లోపల పుట్టిన పేరు బయట కూడా బతుకుతుంది. కాకపోతే ఆ ఇఫ్ అసలు నడవకపోతే పేరే పుట్టదు, అప్పుడు బయట వాడితే ఎర్రర్.

మూడు. విలువ కట్టడం వేరు, ఉన్న వస్తువులో చేర్చడం వేరు. బయట పేర్లు అనే లిస్టు ఉంది. ఫంక్షన్ లోపల దానికి అపెండ్ చేస్తే ఎర్రర్ రాదు, గ్లోబల్ అక్కర్లేదు. ఎందుకంటే పేరుని కొత్తగా దేనికీ కట్టలేదు, ఉన్న బుట్టలోనే ఇంకో పండు వేశాం. పేర్లు = అని రాశారంటే మాత్రం కొత్తగా కట్టినట్టే, సూత్రం వచ్చేస్తుంది. వైవాలో ఈ ప్రశ్న అడగడానికి బాగా వీలుంది.

నాలుగు. పైథాన్ పుట్టుకతో ఇచ్చిన సమ్, లిస్ట్, మ్యాక్స్ లాంటి పేర్లు మీ వేరియబుల్స్‌కి పెట్టకండి. సమ్ = 0 అని ఊరి అంచెలో రాస్తే అసలు సమ్ చాటున పడుతుంది. తర్వాత సమ్‌ని ఫంక్షన్ లాగా పిలిస్తే, ఇది అంకె, దీన్ని పిలవడం కుదరదు అంటుంది.

మరి మెస్ లెక్క ఎట్లా రాయాలి? గ్లోబల్ పెడితే నడుస్తుంది. కానీ అంతకంటే శుభ్రమైన దారి ఉంది. కావాల్సింది చేతికిచ్చి, వచ్చింది చేతికి తీసుకోవడం.

డెఫ్ ఒకరు_వచ్చారు(ఇప్పటిదాకా):
    రిటర్న్ ఇప్పటిదాకా + 1

లెక్క = 0
లెక్క = ఒకరు_వచ్చారు(లెక్క)

ఇందులో ఫంక్షన్ బయటికి తొంగి చూడాల్సిన పనే లేదు. ఎవరి పొలిమేరలో వాళ్లున్నారు, సరుకు మాత్రం చేతులు మారింది. ఫంక్షన్‌ని వేరే ఫైలులో పెట్టినా నడుస్తుంది.

మన పేర్లు

చివరగా ఒక మాట. పైన ప్రోగ్రాంలో లెక్క, ఇప్పటిదాకా అని తెలుగు పేర్లు రాశాం. చదవడానికే కాదు, ఆ పేర్లు నిజంగానే నడుస్తాయి. పైథాన్ 3.0 నుంచి వేరియబుల్ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలన్న నియమం లేదు. 3131 నంబరు ప్రతిపాదనతో ఆ గోడ పడిపోయింది. యూనికోడ్‌లో అక్షరాలుగా చేరిన లిపులతో పేర్లు పెట్టుకోవచ్చు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల గోండి లిపి 2018లో యూనికోడ్ 11లో చేరింది. అదే ఏడాది వచ్చిన పైథాన్ 3.7 ఆ యూనికోడ్‌నే తీసుకుంది. అంటే ఒక గోండు పిల్లవాడు తన తాతల లిపిలో వేరియబుల్‌కి పేరు పెడితే పైథాన్ కాదనదు. పరీక్షలో ఇంగ్లీషు పేర్లే రాయండి, దిద్దేవాళ్లకు ఇబ్బంది ఉండదు. కానీ ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఈ చరిత్రలో మాకు బాగా నచ్చింది ఒకటుంది. ఆల్గాల్ రాసినవాళ్లు, మెకార్తీ, రస్సెల్, గైడో, హిల్టన్, యీ, అందరూ మనుషులే. కూర్చున్నారు, వాదించుకున్నారు, సూత్రం పెట్టారు, చాలలేదని తెలిసి మార్చారు. పైథాన్ ప్రతిపాదనలు ఇప్పటికీ అందరూ చదివేట్టు తెరిచే ఉంటాయి, వాటి మీద చర్చలు కూడా బయటే నడుస్తాయి. ఆ సూత్రాలు మనం లేని చోట తయారయ్యాయి, నిజమే. ఇకముందు తయారయ్యేవాటిలో మన మాట ఉండకూడదని ఎక్కడా రాసి లేదు. దానికి ముందు మొదటి ఏడాది ల్యాబ్ దాటాలి, ఎర్ర లైను చూసి పుస్తకం మూసేయకూడదు.

ఉట్నూరు నుంచి, భద్రాచలం నుంచి, పాడేరు నుంచి, సీతంపేట నుంచి ఎవరైనా సరే, ఫంక్షన్ల దగ్గర ఆగిపోయి ఉంటే ప్రోగ్రాం ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. పెట్టేముందు ఒక్క పని చేయండి. ఆ ఫంక్షన్ ఒళ్లంతా చూసి, ఏ పేర్లకి విలువ కట్టారో పెన్సిల్‌తో గీత గీయండి. పైథాన్ నడపకముందు చేసే పని అదే. సగం ఎర్రర్లు ఫొటో తీసేలోపే దొరికిపోతాయి. మిగతా సగం అందరం కలిసి చూద్దాం.

జోహార్.